నలుపు కింద బూడిద రంగు

చిత్రకారుడు మార్క్ రోత్కో 1969లో వేసిన నలుపు-బూడిద బొమ్మల్లో మనిషి లేడు, చెట్టు లేదు. పైన నలుపు, కింద బూడిద రంగు, చుట్టూ సన్నటి తెల్ల అంచు. అంతే. అంతకు ముందు ఏడాదే గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం ఉబ్బి మంచాన పడ్డాడు. భారీ కాన్వాసుల జోలికి పోవద్దన్నారు డాక్టర్లు. కాపురం చెదిరింది, తాగుడు ఆగలేదు. 1970 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లోని స్టూడియోలోనే ప్రాణం తీసుకున్నాడు.

అందుకే ఆ నలుపును మరణ వాంగ్మూలంలా చదివేస్తారు చాలామంది. నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఆ నెలల్లోనే కాగితాల మీద లేత గులాబీ, నీలం కూడా వేశాడాయన. ఆఖరిదని చెప్పే బొమ్మ నిండా ఎరుపే.

ఆ నలుపు-బూడిద బొమ్మల్లో నలుపు నున్నగా, కదలకుండా ఉంటుంది. కలతంతా కింద బూడిద రంగులోనే ఉంది. కుంచె అటూ ఇటూ ఎలా కొట్టుకుందో ఆ జాడలు తెలిసిపోతాయి. బాధ ఎక్కడుందని అడిగితే నేనైతే అక్కడే చూపిస్తాను. దాని ముందు నిలబడి ఏడిస్తే, ఎందుకు ఏడుస్తున్నావో చెప్పమని ఆ బొమ్మ మనల్ని అడగదు. మన ఇళ్లల్లో అయితే ముందు కారణం చెప్పాలి, ఆ తర్వాతే ఏడవాలి.