తలుపు మలుపులో తెగిన తీగ

సనత్‌నగర్‌లో రిపేరు దుకాణాలన్నీ తిరిగి ఒక కథనం రాసుకురమ్మని సంపాదకులు పంపారు. నేను మొదటి దుకాణం దాటలేదు. దాటనివ్వనివి అక్కడి ఉస్తాద్ చేతులు.

పారిశ్రామికవాడ వెనక సందులో రేకుల షెడ్డు. నేను వెళ్లేసరికి మధ్యలో ఒక డబుల్ డోర్ ఫ్రిజ్, దాని పక్కన ప్లాస్టిక్ కుర్చీలో దాని యజమానురాలు. రిటైరైన టీచరమ్మ. తలుపు మీద ఉష్ణోగ్రత చూపించే అంకెలు పోయి, ఎర్రర్ కోడ్ ఒకటి అక్కడే నిలిచిపోయిందట. కంపెనీ సర్వీసు మనిషి వచ్చి, కోడ్ చూసి, రెండు బోర్డులూ మార్చాలన్నాడు. డిస్‌ప్లే బోర్డు ఈ మోడల్‌కి ఇప్పుడు రావడం లేదు, ఎక్స్చేంజ్‌లో కొత్త ఫ్రిజ్ తీసుకోండి అని కూడా చెప్పాడు. విజిటింగ్ చార్జి తీసుకుని వెళ్లిపోయాడు. ఒక్క స్క్రూ కూడా విప్పలేదు.

"చల్లగానే ఉంది బాబూ," అందామె నాతో. "పాలు విరగలేదు, పెరుగు పులవలేదు. మా వారి ఇన్సులిన్ అందులోనే పెడుతున్నా. పనిచేసేదాన్ని పారెయ్యమంటే ఎట్లా?"

ఉస్తాద్ ఆ మాట పట్టుకున్నారు. "అమ్మ చెప్పినదాంట్లనే సగం జవాబున్నది సార్. చల్లగున్నదంటే మెయిన్ బోర్డు కంప్రెసర్‌ను నడిపిస్తనే ఉన్నది. ఇగ పంపేటిది ఖరాబైందా, అందుకునేటిది ఖరాబైందా, నడుమ వైరు పోయిందా, గదే చూడాలె."

ఈ ఫ్రిజ్‌లో మెయిన్ బోర్డు వెనక వైపు పెట్టెలో ఉంటుంది, డిస్‌ప్లే బోర్డు తలుపులో ఉంటుంది. రెండింటినీ కలిపేవి నాలుగు సన్నటి తీగలు: 12 వోల్టుల సరఫరాకు ఒకటి, గ్రౌండ్‌కు ఒకటి, సమాచారం పంపడానికి ఒకటి, అందుకోవడానికి ఒకటి. ఒక బోర్డు అడుగుతుంది, రెండోది బదులిస్తుంది. నిర్ణీత సమయంలో బదులు రాకపోతే కోడ్ పడుతుంది. ఎల్‌జీ మోడళ్లు కొన్నింటిలో అది 'ఇఆర్ సీఓ', శామ్‌సంగ్ మోడళ్లు కొన్నింటిలో 'పీసీ ఇఆర్'. ఏ కంపెనీ కోడ్ అయినా చెప్పేది ఇంతే: సంబంధం తెగింది. ఎక్కడ తెగిందో చెప్పదు. అది కనిపెట్టడమే మెకానిక్ పని. కోడ్ చూసి బోర్డు ఆర్డరు పెట్టడాన్ని రిపేరు అనడానికి నాకు మనసొప్పదు.

ప్లగ్ తీసేసి ఉస్తాద్ కొన్ని నిమిషాలు ఊరికే కూర్చున్నారు. మన 230 వోల్టులు ఇన్వర్టర్ బోర్డు మీద డీసీగా మారి 320 దాకా నిలిచి ఉంటాయి. అవి దిగేదాకా చెయ్యి పెట్టకూడదు. శిష్యుడు కుర్రాడు మీటర్ అందించబోయాడు.

"ఆగు. ముందుగాల కండ్లతోని చూడు."

పై హింజ్ మీది కవర్ తీశారు. కనెక్టర్ విప్పి వెలుతురుకు పట్టారు. చిలుము లేదు, తడి లేదు, పిన్నులు వంగలేదు. మళ్లీ కలిపి, కరెంటు ఇచ్చి, డిస్‌ప్లే దగ్గర కొలిచారు. 12 వోల్టులు నిండుగా ఉన్నాయి. తర్వాత సమాచారపు తీగలు. మెయిన్ బోర్డు చివర మీటర్‌లో అంకె కుదురుగా నిలవలేదు, కదులుతూనే ఉంది. అంటే అక్కడ సంకేతం బతికే ఉంది. అదే తీగకు తలుపు వైపు చివర అంకెలో చలనమే లేదు. "ఈడిదాక వస్తున్నది, ఆడ లేదు. ఇగ బోర్డుల జోలికి ఎందుకు పోవాలె?"

మళ్లీ ప్లగ్ తీసి, రెండు చివరలూ ఊడదీసి, మీటర్‌ను, తీగ కలిసి ఉంటే మోగే బీప్‌లో పెట్టారు. తలుపు బార్లా తెరిచి ఉన్నప్పుడు మోగింది. నెమ్మదిగా మూస్తూ వచ్చారు. మూతపడబోయే చోట మోత ఆగిపోయింది. కొంచెం వెనక్కి తెచ్చారు, మోగింది. తప్పు ఎక్కడుందో షెడ్డులో ఉన్న అందరికీ వినిపించింది.

తీగ పైకి చెక్కుచెదరకుండా ఉంది. ఉస్తాద్ దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, కొంచెం కొంచెంగా వంచుతూ జరుపుకుంటూ పోయారు. ఒకచోట వేళ్లు ఆగాయి. "పట్టుకోండి సార్" అని నా వేళ్ల మధ్య పెట్టారు. ఆ కాస్త మేర తీగకు బిగువు లేదు, వట్టి రబ్బరు వంగినట్టు వంగింది. పై తొడుగు కోస్తే లోపల రాగి పోగులన్నీ తెగి, కొసలు నల్లబడి ఉన్నాయి. "బండి క్లచ్ వైరు ఎట్ల తెగుతదో ఇది గంతే. ఒక్కొక్క పోగు తెగుతది. తలుపు తీసినప్పుడల్లా ఈ మలుపులనే మెలిక పడుతది."

తెగింది ఒకటే అయినా, ఆ మలుపులో నాలుగు తీగలూ మార్చారు. ఒకటి పోయిందంటే మిగతావి కూడా అంతే వంగి ఉంటాయి కదా. సన్న పోగుల సిలికాన్ వైరు కొలిచి, అతుకులు మెలిక పడే చోటికి దూరంగా, ఒకదాని పక్కన ఒకటి రాకుండా మెట్లు మెట్లుగా వేశారు. స్లీవ్ బిగించడానికి కుర్రాడు లైటర్ తీయబోతే కసిరారు. ఆ ఫ్రిజ్‌లో ఉన్నది ఆర్600ఏ, మండే గ్యాసు. వేడిగాలి గన్‌తోనే ఆ పని చేశారు. తలుపు బిగించి ప్లగ్ పెట్టగానే అంకెలు వచ్చాయి. టీచరమ్మ ఇచ్చింది కంపెనీ విజిటింగ్ చార్జి కన్నా కాస్త ఎక్కువ, అంతే.

ఉస్తాద్ బల్ల సొరుగులో అట్ట చిరిగిన నోటు పుస్తకాలు ఉన్నాయి. ఒక్కో మోడల్‌కి ఒక్కో పేజీ: ఏ రంగు తీగ ఏ పిన్నుకు పోతుంది, ఎక్కడ ఎన్ని వోల్టులు ఉండాలి. అన్నీ ఆయన విప్పి, కొలిచి, తన చేత్తో గీసుకున్న బొమ్మలు. వాటిని చూస్తే మెచ్చుకోలుతో పాటు కోపం కూడా వచ్చింది. ఆ బొమ్మలన్నీ కంపెనీల దగ్గర ఉన్నాయి. గీసినవాళ్లు వాళ్లే. అందుబాటులో ఉండాల్సిన జ్ఞానాన్ని ఒక పనివాడు తన కళ్లు అరగదీసుకుని మళ్లీ సంపాదించాల్సి రావడం ఏం న్యాయం?

ఈ సనత్‌నగర్‌లోనే 1942లో పుట్టిన ఆల్విన్ కంపెనీ ఫ్రిజ్‌లు తయారుచేసింది. ఉస్తాద్ తండ్రి అందులో పనిచేశారు. కొడుక్కి మొదటి పాఠాలు ఆయనవే. కంపెనీ పోయింది. కూకట్‌పల్లి దగ్గర ఆల్విన్ కాలనీ, మియాపూర్ దగ్గర ఆల్విన్ చౌరస్తా మిగిలాయి. నాటి ఫ్రిజ్‌లో థర్మోస్టాట్, రిలే, ఓవర్‌లోడ్ ఏవో తెలిస్తే చాలావరకు పని నడిచేది. నేటి ఫ్రిజ్ కరెంటు ఆదా చేస్తుంది, అది మంచిదే. కానీ దాని లోపలి సంగతి తెలిసే దారి మూసేస్తే, ఎంత నేర్పరి చేతులైనా ఏం చేయగలవు?

ఐరోపా సమాఖ్యలో 2021 మార్చి నుంచి ఈ దారి చట్టమే తెరిచింది. ఒక మోడల్ అమ్మకాలు ఆగిన తర్వాత కూడా కనీసం 7 సంవత్సరాలు సర్క్యూట్ బోర్డులు, ఉష్ణోగ్రత సెన్సర్లు, థర్మోస్టాట్లు మెకానిక్‌లకు దొరకాలి. తలుపు గాస్కెట్లు 10 సంవత్సరాలు దొరకాలి. ఆర్డరిచ్చిన 15 పనిదినాల్లో అందాలి. తీగల పటం, ఎర్రర్ కోడ్ల అర్థం, కొలతల్లో రావలసిన విలువలు కూడా ఇవ్వాలి. మన దగ్గర 2022 జూలైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, అదే సంవత్సరం డిసెంబరు 24న పోర్టల్ తెరిచింది. గృహోపకరణాలు ఆ జాబితాలో ఉన్నాయి. పోర్టల్ సమాచారాన్ని ఒకచోట చేర్చగలదేమో, ఇవ్వని కంపెనీ మెడలు వంచలేదు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలు పారేసిన ఫ్రిజ్‌ను రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారుపై పెట్టాయి. పారేయకముందు బాగుచేసుకునే వీలు కల్పించడం అంతకన్నా ముందు జరగాల్సిన పని కాదా?

ఐటీఐలో రెఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ టెక్నీషియన్ ట్రేడ్ రెండు సంవత్సరాలు చదివి వచ్చే పిల్లవాడికి వేళ్లతో తెగిన పోగు పట్టే ఉస్తాద్ దొరకకపోవచ్చు. తీగల పటం దొరకాలి. కోడ్ అర్థం దొరకాలి. కావలసిన బోర్డు ధర కట్టి కొనుక్కునే హక్కు దొరకాలి. ఈ మూడూ కంపెనీల దయకు వదలకుండా చట్టంలో రాయండి. ఒక్క తీగ తెగినందుకు మొత్తం ఫ్రిజ్‌ను తూకానికి వేసే దేశానికి, కొత్త ఫ్రిజ్‌లు ఎన్ని తయారుచేస్తున్నామని లెక్కలు చెప్పుకునే అర్హత ఉండదు.