అద్దాల మేడల మధ్య జీపీఎస్ వాచీ

హైదరాబాద్ మైండ్‌స్పేస్ దగ్గర పరుగెత్తేటప్పుడు వాచీ చూపించే వేగాన్ని పూర్తిగా నమ్మకండి. ఉపగ్రహ సంకేతాలు అద్దాల గోడలకు తగిలి, చుట్టు తిరిగి వస్తాయి. అందుకే మ్యాపులో మనం భవనాల్లోంచి దూసుకెళ్లినట్టు గీత పడుతుంది. దుర్గం చెరువు పక్కకొస్తే ఆకాశం తెరిపిగా ఉంటుంది, గీత కూడా కుదురుకుంటుంది. గచ్చిబౌలి స్టేడియం ట్రాకు లోపలి లేనులో చుట్టుకి 400 మీటర్లు; వాచీ లెక్కకీ దానికీ తేడా ఎంతో అక్కడ చూసుకోవచ్చు.

పరుగు సాధనాలన్నిటిలో నాకు మాత్రం ఎక్కువ ఇష్టమైంది మామూలు ఎక్సెల్ షీటు. ఏ బూట్లు ఎన్ని కిలోమీటర్లు తిరిగాయో అందులో రాస్తాను. సాధారణంగా 500, 800 కిలోమీటర్ల మధ్య అడుగునున్న ఫోమ్ చచ్చుబడుతుంది, పైకి ఎంత కొత్తగా కనిపించినా సరే. ఆ సంగతి మోకాళ్ల కంటే ముందు షీటు చెబుతుంది. ఆగస్టు హైదరాబాద్ మారథాన్‌కి తయారయ్యేవాళ్లు ఇలాంటి షీటు ఇప్పుడే మొదలుపెట్టండి. నా షీటు కావాలంటే అడగండి, పంపిస్తాను.