మంద కాచే కుక్కను కాచేదెవరు?



మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెలలో కోతలయ్యాక ఎరువు కోసం పొలాల్లో గొర్రెల మందలు నిలుపుతారు. మంద వెంట ఒక చిన్న నాటుకుక్క తప్పక ఉంటుంది. రాత్రివేళ నక్క వచ్చినా, దొంగ వచ్చినా మొదట మొరిగేది అదే. మందను కాచే కుక్కల మాట యోబు గ్రంథము 30:1లోను ఉన్నది.

అటువంటి పిల్లను మా సంఘస్థుడైన కాపరి మాకిచ్చాడు. మా ఇంట గొర్రెలు లేవు గనుక అది మా పిల్లలనే మందగా ఎంచుకున్నది. ఒకరు వెనుకబడితే మూతితో మడమ పొడిచి మరీ తోలుకొస్తుంది.

ఆ కాపరి గొర్రె ఒకటి తల వాల్చి గుండ్రంగా తిరిగి తిరిగి చచ్చిపోయింది. ఇది దిష్టి కాదు. అటువంటి గొర్రె మెదడులో నీటితిత్తి ఉంటుంది. ఆ తలను పచ్చిగా తిన్న కుక్క కడుపులో బద్దెపురుగు పెరుగుతుంది. దాని గుడ్లు కుక్క పెంటతో గడ్డిలో పడి, మళ్లీ గొర్రెలకు చేరతాయి. కాచేదే తెలియక కీడు తెస్తుంది.

అందుచేత చచ్చిన గొర్రె తలను కుక్కకు వేయక లోతుగా పూడ్చండి. మూడు నెలలకొకసారి కుక్కకు పురుగుల మందు పట్టించండి. పిల్లకు మూడు నెలలు నిండగానే, తరువాత ఏటేటా, రేబిస్ టీకా వేయించండి. ఏ కుక్క కరిచినా గాయాన్ని సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

తన పశువుల ప్రాణాన్ని లక్ష్యపెట్టడం నీతిమంతుని గుర్తని సామెతలు 12:10 నేర్పుతున్నది. గొర్రెలకు మందు పట్టించే రోజున కుక్కనూ వెంట తీసుకుపోండి. ప్రభువు మీ మందలను దీవించును గాక.