సైకిలును, గౌరవమును

మేము పదునొకండు సంవత్సరములనుండి కచేరికి సైకిలుపై పోవుచున్నాము. మా యిల్లు కృష్ణకు దక్షిణపు గట్టున సీతానగరమునకు చేరువను ఉన్నది. మా కచేరి బెజవాడలో గవర్నరుపేటయందున్నది. నడుమ ప్రకాశము బారేజి. పోను ఆఱు కిలోమీటర్లు, రాను ఆఱు. ఇందులో చెప్పుకొనదగిన సాహసమేమియు లేదు. పాలవాడు ఇంతకు రెండింతలు తొక్కును. తాపీపనివాడు పనిముట్ల సంచిని వెనుక కట్టుకొని మూడింతలు తొక్కును. అయినను చదువుకొన్నవాడు, నెలజీతము తెచ్చుకొనువాడు, మోటారుబండి కొనగలిగియు కొనక సైకిలు తొక్కుచున్నాడనగా మనలో అది యొక వార్త యగుచున్నది. అది వార్త యేల కావలెనో విచారింపవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొట్టమొదట మేము దీనిని ఏ యాదర్శము నిమిత్తమును ఆరంభింపలేదు. రక్తములో చక్కెర హద్దు మీఱినదనియు, దినమునకు అరగంటయైన ఒడలు కదలవలెననియు వైద్యుడు చెప్పెను. నడకకని తెల్లవాఱుజామున లేచుట నాలుగు దినములు సాగి ఐదవదినమున ఆగిపోయెను. కచేరికి ఎట్లును పోక తప్పదు గదా, ఆ పోవుటయందే వ్యాయామమును కలిపివేసినచో ఎగవేయుట కవకాశ ముండదని తోచి, హంగులేమియు లేని నల్లని సైకిలు నొకదానిని కొంటిమి. చిన్ననాట నేర్చిన విద్య. ముప్పది యేండ్ల పిమ్మట కాలు పెడలుపై పెట్టగానే తిరిగి వచ్చెను. మొదటి వారము తొడలు పట్టుకొనెను. రెండవ వారము ఊపిరి కుదిరెను. మూడవ నెలకు చక్కెర దిగెను. కథ అక్కడనే ముగిసియుండినచో ఈ వ్యాసముతో పని లేకపోవును.

అంతకు ముందు మేము షేరు ఆటోలలో పోవుచుంటిమి. ఆ కాలమున మాకు కృష్ణానదితో పరిచయము లేదు. మా మోకాళ్లతోను, ఎదుటివాని మోకాళ్లతోను మాత్రమే పరిచయము. సైకిలెక్కిన తరువాతనే మేమే వంతెనపై పోవుచున్నామో చూచితిమి. 1855లో పూర్తియైన పాత ఆనకట్ట 1952 వఱదలో తెగగా, దానికి మాఱుగా ఈ బారేజిని కట్టి 1957 డిసెంబరులో తెఱచిరి. ఆ యేటనే కీర్తిశేషులైన టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరు దీనికి పెట్టిరి. పొడవు 1223 మీటర్లు. బరువు లారీలకు దీనిపై అనుమతి లేదు గనుక సైకిలువానికి ఈ యూరిలో కొంత ఊపిరి పీల్చుకొను చోటు ఇదియే. పోవునప్పుడు ఎడమప్రక్క నిండిన నీరు, ఎదుట ఇంద్రకీలాద్రి, కుడిప్రక్క వేసవిలో ఇసుకమేటలు. 2024 సెప్టెంబరు మొదట పదునొకండు లక్షల క్యూసెక్కులకు పైబడిన నీరు ఈ తలుపులగుండ దూకినప్పుడు రాకపోకలు ఆగిపోయెను. అట్టి దినములు తప్ప తక్కిన ఋతువులన్నిటను మేము దీనిపై పోయినాము.

సైకిలుపై పోవువానికి మనుష్యులు కనబడుదురు. మోటారులోనివానికి మనుష్యులు అడ్డము మాత్రమే. వంతెన దిగిన చోట మాకొక పంక్చరు దుకాణపు ముసలాయన పరిచయమాయెను. ఆయన ట్యూబును వెలికిదీసి, గాలి కొట్టి, నీటితొట్టిలో ముంచి, బుడగలు లేచిన చోట గుర్తు పెట్టి, గరుకురాతితో గీకి, సొల్యూషను పూసి, అది ఆఱువఱకు తొందరపడక కూర్చుండును. ఆ కూర్చున్న వేళ కబుర్లు చెప్పును. ఒకప్పుడు ఆయన దుకాణమున గంట అద్దెకు ఇరువది సైకిళ్లుండెనట. రాత్రివేళ దీపము లేక పోయినవానిని పోలీసులు ఆపి చక్రములలోని గాలి తీయించుచుండిరట. "ఆ రోజుల్లో సైకిలుంటే దొరబాబండీ. పెళ్లికొడుకు కట్నంలో సైకిలు కావాలని అలిగేవాడు. ఇప్పుడు సైకిలు మీద వచ్చేవాళ్లు నేనూ, మీరూను" అని నవ్వెను. ఆ నవ్వులో మమ్ములను తనతో చేర్చుకొనుట మాకు ఆనందముగానే యుండెను. కాని ఆ యానందము ఎంతవఱకు నిజమో తరువాత తేలెను.

రోడ్డును గూర్చియు నిజము చెప్పవలెను. వంతెన దాటిన పిమ్మట బందరు రోడ్డుమీద సైకిలువానికి చోటన్నది లేదు. అంచున పోదమన్న అక్కడ బండ్లు నిలిపియుందురు. వానిని తప్పించుకొన నడిమికి వచ్చినచో వెనుకనుండి హారను చెవులు చిల్లులు చేయును. నిలిచిన కారు తలుపు ఎప్పుడు తెఱచుకొనునో తెలియదు. 2011వ సంవత్సరపు జనగణనలో వ్యవసాయమునకు వెలుపలి పనులకు పోవువారిని ఎట్లు పోవుచున్నారని అడిగినప్పుడు నూటికి పదుమువ్వురు సైకిలుపై ననిరి. కారులో ననినవారు మువ్వురైనను లేరు. ఇరువదిరువురికి పైగా నడచియే పోవుచుండిరి. మన రోడ్లను చూచినవారికి ఈ లెక్క తలక్రిందులుగా తోచును. ఎక్కువమంది పోవు తీరు ఏదో దానికి చోటు తక్కువ. తక్కువమంది పోవు తీరు ఏదో దానికి చోటంతయు. రోడ్డు వేయువాడు తొక్కువానిని లెక్కలో వేసికొనకపోవుటకు ధనలోప మొక్కటియే కారణము కాదు, గౌరవలోపము కారణము.

ఈ గౌరవము సంగతి మాకు మా కచేరిముంగిటనే తెలిసెను. నాలుగేండ్ల క్రిందట మా కచేరి క్రొత్త మేడలోనికి మాఱెను. మొదటిదినమున మేము సైకిలును తీసికొనిపోయి బండ్లు నిలుపు వరుసలో నిలుపుచుండగా కావలివాడు దూరమునుండియే, "ఏమయ్యా! ఇక్కడ కాదు, వెనక గోడ దగ్గర పెట్టుకో" అని కేక వేసెను. మేము మెడలోని గుర్తింపుకార్డును చూపితిమి. అతని ముఖము పాలిపోయెను. "క్షమించండి సార్, తెలీలేదు. పనివాళ్లెవరో అనుకున్నా. ఇటివ్వండి, నేను పెడతా" అని సైకిలును తానే పుచ్చుకొనెను.

ఆ దినమంతయు మాకు మనస్సు కలతగా నుండెను. మొదట కావలివానిపై కోపమనుకొంటిమి. ఆలోచింపగా అది కాదని తేలినది. అతడు మమ్ములను తెలియక "ఏమయ్యా" అన్నందుకు క్షమాపణ కోరెను. నిజముగా మేము తాపీపనివారమై యుండినచో ఆ క్షమాపణ లేదు, వెనుకగోడయే గతి. ఈ సంగతి మాకు స్ఫురింపకముందు, అతడు "సార్" అన్న ఆ క్షణమున, మాకు సంతోషము కలిగెను. ఆ సంతోషమే మమ్ములను బాధించెను. పంక్చరు దుకాణమున ముసలాయనతో సమానులమని మురిసినవారము, కచేరి గుమ్మమున ఆ సమానత్వమునుండి కార్డు చూపి తప్పించుకొంటిమి.

ఇంకొక సంగతియు దాచరాదు. ఆ యేడే బంధువుల పెండ్లికి సాయంకాలము కచేరినుండి సరాసరి పోవలసివచ్చినప్పుడు, కల్యాణమండపమునకు రెండు వీధుల యివతలనే సైకిలును ఒక మందుల దుకాణము ప్రక్కన తాళము వేసి, చెమట తుడుచుకొని, ఆటోలో దిగినవారివలె లోనికి నడచితిమి. ఎవరును మమ్ములను అట్లు చేయుమని చెప్పలేదు.

మన దేశమున పెక్కు పల్లెలలో దళితుడు అగ్రకులములవారి వీధికి వచ్చినప్పుడు సైకిలు దిగి నడిపించుకొని పోవలెనను కట్టుబాటు స్వాతంత్ర్యము వచ్చిన తరువాతకూడ చాలకాలము సాగినది. దిగనివానిని కొట్టిన యూళ్లున్నవి. ఆనాడు సైకిలెక్కుట పొగరని దండించిన బుద్ధియే, నేడు సైకిలెక్కుట దారిద్ర్యమని చిన్నచూపు చూచుచున్నది. వాహనము మాఱినది గాని, ఎవడు ఎవనికంటె ఎత్తున కూర్చుండవలెనను లెక్క మాఱలేదు. స్త్రీల విషయమునను ఇంతియే. 1991, 1992 సంవత్సరములలో తమిళనాట పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యతోద్యమము నడచినప్పుడు వేలకొలది పల్లెపడుచులు సైకిలు నేర్చి, నీళ్లబిందెలను బిడ్డలను దానిపై నెక్కించుకొని తమ పనులకు తామే పోసాగిరి. వారిని చూచి మొదట నవ్వినవారు కలరు. బీహారు ప్రభుత్వము 2006లో ఉన్నతపాఠశాలలో చేరు బాలికలకు సైకిళ్లిచ్చుటకు మొదలుపెట్టెను. దానివలన బాలికల చేరిక ఇంచుమించు మూడవవంతు పెరిగెనని పరిశోధకులు లెక్కగట్టిరి. బడి దూరమగుటచేత ఆగిన చదువు రెండు చక్రములతో కదలినది. ఈ సంగతులను మేము మిత్రగోష్ఠులలో ఎన్నియోసారులు ఉత్సాహముతో చెప్పియున్నాము.

ఇట్లుండగా గడచిన యేడు మా యమ్మాయికి నగరములోని కళాశాలలో సీటు వచ్చెను. బస్సు వేళలు కుదరలేదు. ఒకనాటి రాత్రి భోజనములవేళ, "నాన్నగారూ, నాకూ ఒక సైకిలు కొనిపెట్టండి. మీ దారే కదా, వెళ్లి వస్తాను" అనెను.

మా నోటనుండి వెంటనే వచ్చిన మాట "వద్దమ్మా" అని. ఆటోలు చూచుకొని రావనియు, బందరు రోడ్డు మంచిది కాదనియు, ఎండకు నల్లబడుదువనియు చెప్పితిమి. చివరకు, "స్కూటీ కొనిపెడతాము" అంటిమి.

ఆమె కంచములోనికి చూచుచు, "స్కూటీ మీద వెళ్తే ఆ రోడ్డు మారుతుందా నాన్నగారూ?" అని యడిగెను.

మాకు మాట తోచలేదు. అంతవఱకు ఊరకున్న మా యింటి యిల్లాలు మజ్జిగ వడ్డించుచు, "మీ నాన్నగారి భయం రోడ్డుకి కాదులే. నలుగురూ ఏమంటారోనని. ఆ మాట అనలేక రోడ్డు మీద పెడుతున్నారు" అనెను.

ఆ రాత్రి మేము నిద్రింపలేదని చెప్పుట అతిశయోక్తి. కాని ఆలస్యముగా నిద్రించితిమి. రోడ్డు భయము అబద్ధము కాదు. అయితే స్కూటీ పేరు చెప్పగానే ఆ భయ మెట్లు తగ్గెను? మగవాడు, వయసు మళ్లినవాడు, ఉద్యోగి సైకిలెక్కినచో అది ఆరోగ్యము, నిరాడంబరత, ఆదర్శము. పెండ్లి కావలసిన పిల్ల యెక్కినచో తండ్రికి బండి కొని యిచ్చు తాహతు లేదను మాట. మేము కచేరిముంగిట చూచి నొచ్చుకొన్న కావలివాడు మా లోపలనే కూర్చుండి, "ఇక్కడ కాదు, వెనుక పెట్టుకో" అనుచున్నాడు. ఈసారి చూపుటకు కార్డుకూడ లేదు.

మఱునాడు ఆదివారము. తెల్లవాఱకముందే మా సైకిలును ఆమెకిచ్చి, ప్రక్కింటి పిల్లవాని సైకిలును మే మడిగి తెచ్చుకొని, యిరువురము వంతెన దాటి గవర్నరుపేటవఱకు పోయి వచ్చితిమి. మలుపువద్ద చేయి చాచుట, నిలిచిన కార్లకు బారెడు దూరముగా పోవుట, ఆటో వెనుక కాక ప్రక్కన అద్దములో కనబడునట్లు నిలుచుట, మాకు తెలిసినవన్నియు చెప్పితిమి. ఆ వారమే సైకిలు కొంటిమి. వెనుక ఎఱ్ఱదీపమును, తలకు హెల్మెట్టును ఆమెయే ఎన్నుకొనెను.

రెండవ నెలలో ఒక ఆటో రాచుకొనిపోగా ఆమె పడి, మోకాలు గీచుకొని వచ్చెను. ఇరుగుపొరుగువారు, "మేము ముందే అనుకున్నాం" అనిరి. మాకును మానిపింపవలెననియే తోచెను. కాని మేము సైకిలు మొదలుపెట్టిన రెండవయేట ఇసుకలో జాఱి పడి మోచేతికి కుట్లు వేయించుకొన్నప్పుడు, ఈ పొరుగువారే పరామర్శించి, "ఈసారి జాగ్రత్తండీ" అనియుండిరి. మానుమని ఒక్కరును అనలేదు. ఆ భేదము జ్ఞప్తికి వచ్చి మేమును ఆమెతో, "ఈసారి జాగ్రత్తమ్మా" అని మాత్రమే అంటిమి. అట్లు అనుటకు మాకు కష్టమైనది. ఇప్పటికిని ఆమె రాక అరగంట ఆలస్యమైన మేము వీధిగుమ్మమునకు వచ్చి నిలుచుచునే యున్నాము.

కచేరిలో ఇపుడు మా సైకిలు వెనుకగోడ దగ్గర నున్నది. పాకీపనివారివి, కాఫీ తెచ్చు కుఱ్ఱవానిది, మాది, నాలుగు సైకిళ్లక్కడ నిలుచును. అక్కడ వానకు తడియుచున్నవని మేము పైవారికి చెప్పి చెప్పి, మొన్న ఒక రేకులపంచ వేయించితిమి. మా ఒక్క సైకిలును ముందు వరుసలో నిలిపికొనుటకంటె అది కొంత మేలని తోచినది. రోడ్డుమీద సైకిలువానికి చోటు కావలెనని యడుగుటకును ఇదియే మార్గమేమో. తన కొక్కనికి గౌరవము తప్పించుకొన్నంతకాలము అడుగువారు పెరుగరు.

మొన్న సాయంకాలము మేమిరువురము వంతెనపై కలిసి తిరిగివచ్చుచుండగా మా యమ్మాయి, "నాన్నగారూ, చూశారా? పొద్దున వెళ్లేటప్పుడూ ఎండ కుడిచెంపకే, సాయంత్రం వచ్చేటప్పుడూ కుడిచెంపకే" అనెను. నిజమే. పదునొకండేండ్లనుండి ఆ దారిని పోవుచు మేము దానిని గమనింపలేదు.