రొట్టె పక్కన బాటి

సంక్రాంతి సెలవులకు మేమిద్దరం అన్నదమ్ములం వికారాబాద్ హాస్టల్ నుంచి తాండూరు దగ్గరి మా తండాకు పోయినం. ఇంట్ల అందరూ కంది చేన్లకు పోతే అక్క బిడ్డ మా దగ్గర ఉండె. ఒకటో తరగతి. "బడిల నోరు తెరవదు, ఏం రాదు" అని అక్కకు చెప్పిండ్రట.

బొమ్మల కథ పుస్తకం తీసి చదివినం. గోడ దిక్కు చూస్తున్నది. ఆపి, "ఈ బొమ్మల ఏముంది?" అని తెలుగుల అడిగినం. సప్పుడు లేదు. అదే మాట లంబాడీల అడిగినం. ఇగ ఆగలే! "యాడి బాటి చేస్తున్నది, కోడి ఎత్కపోతది" అని మన మాటల చెప్పింది. పేజీ తిప్పితే నిజంగానే కోడి నోట్ల రొట్టె.

"రొట్టె" అక్షరాల మీద వేలు పెట్టి చూపిచ్చినం. "మరి బాటి ఏడ రాసిండ్రు?" అనింది.

డిగ్రీ దాకా వచ్చినం గానీ ఆ ప్రశ్న మేమెన్నడూ అడగలే. మేము గూడ ఒకటో తరగతిల గిట్లనే మూగగ కూసున్నోళ్లమే.

వాకిట్ల నాపబండ మీద సుద్దతోని తెలుగు అక్షరాలల్ల "బాటి" రాసి, పక్కన "రొట్టె" రాసినం. చాలాసేపు చూసి, రెండిట్ల ఉన్న "ట" మీద వేలు పెట్టింది.

2022ల మన రాష్ట్రంల చిన్న తరగతుల చదువు కోసం "తొలిమెట్టు" మొదలైంది. మన పిల్లలకైతే తొలిమెట్టు ఇంటి మాటనే. సెలవులకు పోతే ఒక్క కథ చదవండి. పేజీ తిప్పేముందు మన భాషల అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి.