జిల్లా పేరు

మురమళ్ళలో మా పూర్వశిష్యుడొకడు కలడు, ఇరువదిరెండేండ్లవాడు. రాజకీయము వేరు, ఇంటి మర్యాద వేరు అని మేమనిన అతడొప్పుకొనడు. ఇందులకు మన జిల్లా పేరునే సాక్ష్యముగా చూపును.

2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా యేర్పడెను. దానికి డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ పేరు చేర్పదలచినట్లు మే 18న ప్రభుత్వము ప్రకటించెను. మే 24న అమలాపురములో నిరసన హింసగా మారినది. నాటి మంత్రి విశ్వరూప్ గారి యింటికిని, నాటి మా శాసనసభ్యులు సతీష్ కుమార్ గారి యింటికిని నిప్పు పెట్టిరి. ఆగస్టులో క్రొత్త పేరు స్థిరపడెను.

"కోనసీమ యను పేరు గోదావరి పాయలు మనకిచ్చినది, దాని ముందు మఱియొకటి యేల?" అని మా యీడువారనుచుందురు. మాటలో సొగసు కలదు. "నెల్లూరునకు 2008లో పొట్టి శ్రీరాములు గారి పేరు చేర్చినపుడు ఈ యభిమానమెక్కడ నుండెనండీ?" అని శిష్యుడడుగును. ఈ ప్రశ్నకు మేము వినిన సమాధానములన్నియు కులమను మాటను తప్పించుకొని నడచునవే.

అతని యనుమానములన్నియు మాకు సమ్మతములు కావు. సినిమా కథానాయకుని మీసములో సైతము అతడు కులమును వెదకును!

మాఘమాసములో అతని చెల్లెలి వివాహము. శుభలేఖ చిత్తుప్రతిలో తండ్రిగారు "కోనసీమ జిల్లా" అని మాత్రమే వ్రాసిరి. కుమారుడు పూర్తి పేరు చేర్చెను. "వియ్యాలవారేమనుకొందురో" అని తండ్రిగారు కొట్టివేసిరి. వియ్యాలవారిని అడిగినవారు మాత్రము లేరు. అక్షరదోషములు దిద్దుడని ఆ కాగితము నిన్న మాకడకు వచ్చినది. ఎఱ్ఱసిరాతో అంబేద్కర్ పేరు మరల వ్రాసి, ప్రక్కన మా సంతకము పెట్టి, తండ్రిగారికే పంపితిమి.