పల్నాడు గాలిలో బెజవాడ గొంతు

పౌరుషానికి పేరుమోసిన పల్నాడుకు పాటల పిచ్చీ తక్కువేం కాదు. ఆ పిచ్చిని పెంచి పోషించింది ఇంటి గూట్లో ఉండే ఓ చెక్కపెట్టె. అందులోంచి వినిపించిన గొంతు మాత్రం బెజవాడది!

తంబురా శ్రుతి మీద సన్నగా వయొలిన్... తర్వాత వందేమాతరం, మంగళవాద్యం, భక్తిరంజని. ఒకప్పుడు నరసరావుపేటలోనైనా మాచర్లలోనైనా తెల్లారేది ఇలాగే. గోడ గడియారం లేని ఇళ్లలో రేడియోనే గడియారం. వార్తలు మొదలయ్యేసరికి గేదెల పాలు తీయడం అయిపోవాలి. పాటలు వచ్చే వేళకు పిల్లలు బడికి బయల్దేరాలి. ఆ తొలి రాగం కట్టింది యూరప్ నుంచి శరణార్థిగా బొంబాయి చేరిన వాల్టర్ కాఫ్‌మన్ అనే యూదు సంగీతకారుడని చెబుతారు. వినేవాళ్లకు ఆ సంగతితో పనిలేదు. అది 'మన రేడియో' రాగం, అంతే!

ముల్లు అక్కడే...

విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అప్పటిదాకా కోస్తా వాళ్లకు తెలుగు వినాలంటే 1938లో వచ్చిన మద్రాసు కేంద్రమే దిక్కు. బెజవాడ నుంచి గాలిమార్గంలో నరసరావుపేట సుమారు 70 కిలోమీటర్లు. మాచర్ల 130 దాకా ఉంటుంది. అయినా ఇబ్బంది లేదు. మీడియం వేవ్ కెరటం నేలను పట్టుకుని సాగిపోతుంది. చిన్నాచితకా గుట్టలు దానికి అడ్డుకావు. అందుకే గురజాల టీకొట్టు, పిడుగురాళ్ల సున్నపుబట్టీ, కారంపూడి మంగలిషాపు... ఎక్కడ చూసినా రేడియో ముల్లు 837 దగ్గరే ఉండేది.

ఆ కాలంలో రేడియో ఉందంటే ఏటా పోస్టాఫీసుకు వెళ్లి లైసెన్సు రుసుము కట్టాల్సిందే. 1980ల్లో ఆ బాధ తప్పింది. అప్పటికే ట్రాన్సిస్టర్ భుజానికెక్కి పొలానికీ మిరప కల్లానికీ వెళ్లడం మొదలైంది. వినేవాళ్లు ఇంట్లోవాళ్లే కాదు, కల్లంలో ఉన్నవాళ్లంతా!

అన్నీ ఒక్కచోటే

బెజవాడ కేంద్రం వడ్డించింది పెళ్లి విస్తరి లాంటి భోజనం. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు వంటి ఉద్దండులు పనిచేసిన చోటది. లలితగీతాన్ని ఇంటింటికీ నేర్పిన 'ఈ మాసపు పాట' ఓ పక్క. ఉషశ్రీ 'ధర్మసందేహాలు' మరోపక్క. రామాయణ, భారతాలను ఆయన చెబుతుంటే అరుగుమీద కబుర్లు ఆగిపోయేవి. ఇక సినిమాను గంటకు కుదించి వినిపించే 'సంక్షిప్త శబ్దచిత్రం' వచ్చిందంటే... టిక్కెట్టు లేని హాలు ఇల్లే!

పొలం పాఠాలకైతే ఇక్కడ మరింత గిరాకీ. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. కుడికాలువ పల్నాటి మెట్టలోకి వచ్చింది. జొన్న, సజ్జ పండించిన చేతులు కొత్త వంగడాలు, ఎరువులు, పురుగుమందుల లెక్కలు నేర్చుకోవాలి. చదువు రాకపోయినా చెవి ఉంటే చాలు. తమిళనాట తంజావూరులో ఏడీటీ-27 అనే వరి వంగడానికి 'రేడియో వరి' అని పేరు పడిపోయింది. పొలానికి రేడియో ఎంత దగ్గరైందో చెప్పడానికి ఆ ఒక్క పేరు చాలు.

కథలంటారా... పల్నాడుకు కొత్త కాదు. ఇక్కడ బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు ఇంటి చుట్టాల్లాంటివాళ్లు. కారంపూడిలో వీరుల ఉత్సవాలు ఏటా కార్తికంలో జరుగుతాయి. పల్నాటి యుద్ధాన్ని బుర్రకథగా ఊరూరా చెప్పి, 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్‌ది ఉమ్మడి గుంటూరు జిల్లాలోని పొన్నెకల్లే. బుర్రకథకు రేడియోలో చోటు దొరకడం పల్నాటి చెవులకు పండగే మరి!

పాత పాట పాతబడదు

అమెరికాలో 1980ల్లో 'క్లాసిక్ రాక్' పేరుతో పాత పాటలకే అంకితమైన స్టేషన్లు పుట్టుకొచ్చాయి. మన దగ్గర ఆ పేరు లేదుగానీ పని మాత్రం అదే. ఘంటసాల 1974లో వెళ్లిపోయినా పల్నాటి గాలిలో ఆయన గొంతు ఆగలేదు.

అయితే సినిమా పాటకు రేడియోలో దారి అంత తేలిగ్గా దొరకలేదు. 1950ల్లో కేంద్ర సమాచార, ప్రసార మంత్రి బి.వి.కేస్కర్‌కు సినీసంగీతమంటే గిట్టదు. ఆకాశవాణిలో పాటలు కరవయ్యాయి. శ్రోతలు ముల్లు తిప్పేశారు... ఏకంగా సముద్రం అవతలికి! రేడియో సిలోన్ నుంచి మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు వినిపిస్తుంటే గరగర శబ్దాల మధ్యే చెవులు రిక్కించి విన్నారు. ఆ దెబ్బతోనే 1957 అక్టోబరు 3న వివిధభారతి పుట్టింది.

తర్వాత కార్డుల కాలం. కోరిన పాటల కార్యక్రమానికి ఓ కార్డు ముక్క రాసి పడేస్తే చాలు. పాట కన్నా ముందు పేర్లు చదువుతారు. దాచేపల్లి, దుర్గి, వినుకొండ... తమ ఊరి పేరు రేడియోలో వినపడితే ఆ వారమంతా అదే ముచ్చట. రెంటచింతలకైతే ఆ దిగులే లేదు. ఎండాకాలం వస్తే చాలు, ఉష్ణోగ్రతల వార్తల్లో దాని పేరు ఉండాల్సిందే!

అందని కెరటం

టీవీ వచ్చింది. తర్వాత సెల్‌ఫోన్ వచ్చింది. ఫోన్లో రేడియో ఉన్నా అది ఎఫ్ఎం మాత్రమే. ఎఫ్ఎంలో పాట తేటగా వినిపిస్తుంది. కానీ ఆ కెరటం మీడియం వేవ్‌లా నేలను పట్టుకుని పోదు, చూపులా తిన్నగా వెళ్తుంది. అరవై, డెబ్భై కిలోమీటర్లు దాటితే నీరసపడుతుంది. విజయవాడ ఎఫ్ఎం పేట అంచుల దాకా తడబడుతూ రావచ్చు. మాచర్ల దాకా ఏం వస్తుంది? శబ్దం బాగుపడ్డ కాలంలోనే పడమటి పల్నాడు బెజవాడకు దూరమైంది. 'న్యూస్ ఆన్ ఎయిర్' యాప్‌లో ఆకాశవాణి వినిపిస్తోంది నిజమే. దానికి స్మార్ట్‌ఫోనూ డేటా రెండూ ఉండాలి.

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ప్రైవేటు ఎఫ్ఎం లేని 234 పట్టణాల్లో 730 ఛానెళ్ల వేలానికి ఆమోదం తెలిపింది. ఆ జాబితాలో నరసరావుపేట ఉంది, చిలకలూరిపేట కూడా ఉంది. అంటే జిల్లాకు సొంత గొంతు దొరికే దారి తెరుచుకున్నట్టే. కాకపోతే ఒకటే సందేహం. వచ్చే స్టేషన్ పల్నాడు మాట మాట్లాడుతుందా, ఎక్కడో నగరంలో తయారైన కబుర్లనే ఇక్కడా వినిపిస్తుందా?

సొంత మాట మాట్లాడటం అసాధ్యమేమీ కాదు. ఉమ్మడి మెదక్ జిల్లా మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008లో మొదలైంది. వాళ్లు మాట్లాడేది వాళ్ల యాసలోనే. చెప్పేది వాళ్ల విత్తనాల గురించే.

కోటప్పకొండ ప్రభల ముచ్చట, మిర్చి ధర, నాగులేరు కథ, మధ్యలో ఓ ఘంటసాల పాట... ఇవన్నీ పల్నాటి నోటితోనే వినిపించే రోజు వస్తే? మంగలిషాపులో రేడియో మళ్లీ మోగినట్టే!